"ఆటుపోట్ల సమయంలో తీసిన ఫొటో" అనవచ్చా?

ప్రశ్న: 1944 మేలో విమానం నుంచి తీసిన నార్మండీ తీరం ఫొటో కింద, ఒక అనువాదంలో "ఆటుపోట్ల సమయంలో తీసినది" అని ఉంది. బొమ్మలో ఇసుక చాలా దూరం బయటపడి ఉంది. ఈ మాట సరిపోతుందా?

జవాబు: సరిపోదండి. ఆటు అంటే నీరు తీయడం, పోటు అంటే ఎక్కడం. జంటగా వాడితే ఫొటో ఏ వేళదో తెలియదు, ఆ ఫొటోకి ప్రాణం ఆ వేళే. అక్కడ పెద్ద పోటుకీ ఆటుకీ మధ్య నీటిమట్టం సుమారు 6 మీటర్లు మారుతుంది. జర్మన్లు ఇసుకలో పాతిన కొయ్యలు, వాటికి కట్టిన మందుపాతరలు, ఉక్కు దూలాల ముళ్లగుత్తులు పోటు వేళ మునిగిపోతాయి. అందుకే ఆ మేలో అమెరికా ఎఫ్-5 విమానాలు (లైట్నింగు అనే యుద్ధవిమానంలోంచి తుపాకులు తీసి కెమెరాలు పెట్టినవి) ఫ్రాన్సు ఉత్తర తీరం వెంట నీటిని ఒరుసుకుంటున్నంత కిందుగా ఎగిరి, ఆ అడ్డంకుల ఏటవాలు ఫొటోలు తీశాయి.

ఇంకొకరు: బడి పుస్తకాల్లో "పోటు, పాటు" అని ఉంటుంది కదండీ. "పాటు వేళ" అంటే?

జవాబు: తప్పు కాదు. కానీ "దాంతో పాటు" పక్కన పడితే చదివేవారు తడబడతారు, ఆటు నయం. అసలు చిక్కు వేరే ఉంది. ఆటు అనేది నీటి కదలిక, అట్టడుగు మట్టం కాదు. నీరు ఇంకా తీస్తున్నప్పటి ఫొటో వేరు, పూర్తిగా తీసినప్పటిది వేరు.

ఈ తేడాతోనే తీరం వాలు కొలిచేవారు. 36 అంగుళాల లెన్సుతో 30,000 అడుగుల నుంచి నిలువుగా తీస్తే స్కేలు 1:10,000. వేర్వేరు గంటల్లో తీసిన రెండు ఫొటోల్లో నీటి అంచుల మధ్య 12 మిల్లీమీటర్లుంటే నేల మీద 120 మీటర్లు. పోటు పట్టిక ప్రకారం ఆ రెండు వేళలకీ నీటిమట్టంలో తేడా 2 మీటర్లయితే వాలు 60కి 1. గడియారం అరగంట తప్పితే లెక్క చెడుతుంది: 6 మీటర్ల ఆటు సగం దారిలో గంటకి 1.5 మీటర్లు దిగుతుంది, అంటే ముప్పావు మీటరు తప్పు. ఆ వాలు మీద నీటి అంచు 45 మీటర్లు జరిగినట్టే! అలలు ఎగదన్నే రోజున అంచే సరిగా దొరకదు.

మరొకరు: తిథి కూడా రాయాలంటాను. మిత్రసేనలు నార్మండీలో దిగిన 1944 జూన్ 6 పౌర్ణమి, పెద్ద పోటు. పసిఫిక్‌లో జపాన్ చేతిలో ఉన్న తరావా దీవుల్లోని బెషియోలో అమెరికా సైనికులు దిగిన 1943 నవంబరు 20 అష్టమి దరిదాపు, చిన్న పోటు. విమాన ఫొటోల్లో అక్కడి ఫిరంగులు బాగానే దొరికాయి, పగడపు దిబ్బ మీద ఆ రోజు నీరెంత ఉంటుందో దొరకలేదు. సైనికుల్ని ఒడ్డుకు చేర్చే, సుమారు నాలుగడుగుల నీరు కావలసిన హిగ్గిన్స్ పడవలు దిబ్బ దగ్గరే ఆగిపోయాయి. సైనికులు వందల గజాలు నీళ్లలో నడుస్తూ తూటాలకు బలయ్యారు.

అడిగినవారు: అయితే "1944 మే, నీరు పూర్తిగా తీసిన వేళ, ఏటవాలు ఫొటో" అని మార్చి, తిథి తేలాక చేర్చడమే మంచిది.