కనబడని సీల్ ఈననట్టేనా?

గోదారిగట్టు:
అంటార్కిటికాలో ఎరెబస్ బే దగ్గర వెడెల్ సీల్స్ అనే సముద్రపు జంతువుల్ని 1968 నుంచి గమనిస్తూనే ఉన్నారు. వెనక ఫ్లిప్పర్లకి (తెడ్డుల్లాంటి కాళ్ళకి) నంబరు ట్యాగులు వేసి, ఏటా అక్టోబరు, నవంబరుల్లో ఏ తల్లి ఈనిందో రాసుకుంటారు. ఇంత హడావిడి ఎందుకని నా అనుమానం. కనబడ్డ పెద్ద ఆడవాటిలో ఎన్నిటి పక్కన పిల్ల ఉందో చూస్తే ఈనే రేటు వచ్చేస్తుందిగా? మా గేదెల లెక్క నాన్న నోటితోనే చెప్పేవాడు.

లెక్కలమాస్టారు:
గేదె సాయంత్రానికి ఇంటికొస్తుందండీ, సీల్ రాదు. ఈనిన తల్లి మొదట్లో పిల్లని అంటిపెట్టుకుని మంచు మీదే పడుకుంటుంది కాబట్టి దాదాపు ప్రతీదీ కంటపడుతుంది, ఈననిది మాత్రం ఆ చుట్టుపక్కలకి రావచ్చు, రాకపోవచ్చు. వంద ఆడవి ఉన్నాయనుకోండి. 60 ఈనాయి, అన్నీ కనబడ్డాయి. మిగతా 40లో సగమే కనబడ్డాయి. మీ లెక్కన 80కి 60, అంటే 75 శాతం. అసలు రేటు 60!

పాలమూరుపిల్ల:
అట్లయితే కనబడనివన్నీ ఈనలేదని రాసేస్తే అయిపోదా సార్?

లెక్కలమాస్టారు:
మరి చచ్చిపోయినవాటిని ఎక్కడ రాస్తావమ్మా? రెండేళ్ళు జాడలేనిది మూడో ఏడు పిల్లతో కనబడితే, మధ్యలో బతికే ఉందని అప్పుడు తేలుతుంది. ఇలాంటి చరిత్రలు వేలకొద్దీ పోగైతేనే బతికే అవకాశం, కంటపడే అవకాశం, ఈనే అవకాశం విడివిడిగా లాగగలం. ఒక్క ఏడాది లెక్కలో మూడూ కలగాపులగం.

సముద్రపుకాకి:
బతికుందని తేలుతుంది సరే, ఆ ఏడు ఇంకెక్కడో ఈనలేదని ఎలా తేలుతుంది? 2000లో రాస్ మంచు పలక నుంచి విడిపోయిన బి-15 మంచుకొండ ముక్కలు కొన్నేళ్ళు ఎరెబస్ బే దగ్గర్లోనే అడ్డంపడి, సముద్రపు మంచు విరిగి కొట్టుకుపోకుండా చేశాయి. ఎరెబస్ బేలో పిల్లలు బాగా తగ్గిపోయాయి. తల్లులు ఈనడం మానేశాయా, చోటు మార్చాయా? పుట్టిన రోజే చచ్చి, ఎవరి కంటా పడని పిల్ల సంగతీ అంతే. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ వైపు హార్ప్ సీల్స్ అనే ఇంకో రకాన్ని వేటాడి గర్భసంచి కోసి చూస్తారు, నాకదే నికరం అనిపిస్తుంది.

లెక్కలమాస్టారు:
కోసి చూస్తే చూడి ఉందని తెలుస్తుంది, ఈనిందని కాదు. హార్ప్ సీల్స్‌లో చూడి ముదిరాక ఈసుకుపోయేవీ (గర్భస్రావమయ్యేవీ) ఉన్నాయి. పైగా చంపిన సీల్ వచ్చే ఏడు ఈనేదో లేదో ఎవర్ని అడగాలి? చోటు మార్చడం గురించి మాత్రం మీతో వాదించను. ఆడవి చాలావరకు పాత చోటికే వస్తాయి గానీ, బి-15 నాటి లెక్కని మామూలు ఏళ్ళంత ధీమాగా నేనూ చెప్పను.

గోదారిగట్టు:
నా 75 వెనక్కి తీసుకుంటున్నా మాస్టారూ. ఇందాకే గుర్తొచ్చింది, చూడి కట్టని గేదెల్ని నాన్న సంతలో అమ్మేసేవాడు. మన దొడ్లో ఉన్నవన్నీ ఏటా ఈనేవేరా అని ఊరంతా చెప్పుకునేవాడు.