పాలు, నెయ్యి మానేసినవారు సత్యనారాయణ వ్రత ప్రసాదం విషయంలో ఏం చేస్తున్నారు?

ఏడాదిన్నరగా నేను మాంసంతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా పూర్తిగా మానేశాను. వంటకు నువ్వుల నూనె, కొబ్బరి పాలు, వేరుశనగ పాలతో తోడుపెట్టిన పెరుగు సరిపోతున్నాయి. బి12 కోసం వైద్యుల సలహాతో మాత్రలు వేసుకుంటున్నాను. నాకు చిక్కంతా పూజ దగ్గరే వచ్చింది.

కార్తిక పౌర్ణమికి మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేస్తాము. పంచామృతం అంటేనే ఆవు పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదార. గోధుమ రవ్వ ప్రసాదానికీ నెయ్యి కావాలి. కిందటి ఏడాది అమ్మ నా దోసిట్లో పోసిన పంచామృతాన్ని నేను తాగకుండా తులసి కోటలో వదిలాను. ఆమె ఒక్క మాట కూడా అనకుండా, జిడ్డుగా ఉన్న నా అరచేతిని కొంగుతో తుడిచి లోపలికి వెళ్ళిపోయింది. ప్రసాదం తీసుకోకుండా వెళ్ళి కష్టాల పాలైన కళావతి కథను అప్పుడే విన్న మనిషికి నేను చేసినది అపచారంగా తోచడంలో తప్పేమీ లేదని నాకు తెలుసు. నాకూ భక్తి ఉంది, పశువుల పట్ల బాధా ఉంది; రెంటిలో ఏదీ వదులుకోలేను.

ఇటువంటి పరిస్థితి ఎదురైనవారు దయచేసి చెప్పండి: అభిషేకానికి కొబ్బరి నీళ్ళు, నైవేద్యానికి కొబ్బరి నూనెతో చేసిన ప్రసాదం చాలునని మీ పురోహితులు అంగీకరించారా? పంచామృతాన్ని కళ్ళకద్దుకుని, అరటిపండు మాత్రమే ప్రసాదంగా స్వీకరిస్తే సరిపోతుందా? అన్నిటికంటే ముఖ్యంగా, ఈ మాటను పెద్దవాళ్ళ దగ్గర పూజకు ఎన్నాళ్ళ ముందు, ఎలా ఎత్తారు?