సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ కారు: బ్యాటరీ కంటే ముందు చూడవలసినవి

ప్రశ్న

అన్నలకు, అక్కలకు నమస్కారం. ఉద్యోగం మీద ఈ మధ్యే ఈ దేశం వచ్చాను. కారు లేకుండా రోజు గడవడం లేదు. కొత్తది కొనే స్తోమత ఇప్పుడు లేదు. పెట్రోలు ఇంజినుతో పాటు బ్యాటరీతో నడిచే మోటారు కూడా ఉండే హైబ్రిడ్ తీసుకుంటే పెట్రోలు కలిసొస్తుందని ఆఫీసులో అందరూ అంటున్నారు. బ్యాటరీ పోతే కారు ధరంత ఖర్చు నెత్తిన పడుతుందని చెప్పేదీ వాళ్లే. నాకు నడుము నొప్పి ఉంది. కొన్ని నెలల్లో అమ్మా నాన్నా వస్తారు, అమ్మకు మోకాళ్ల నొప్పులు. కూర్చోవడానికి సుఖంగా ఉండి, మాటిమాటికీ మెకానిక్ దగ్గరికి పరుగెత్తించని హైబ్రిడ్ ఏదైనా ఉందా? కార్ల గురించి నాకు తెలిసింది చాలా తక్కువ.

జవాబు

తమ్ముడూ, బ్యాటరీ భయాన్ని కాసేపు పక్కన పెట్టు. అది పోతే ఎంతవుతుందో కొనకముందే ఒక వర్క్‌షాపుకు ఫోను చేసి కనుక్కోవచ్చు. ఆ మొత్తాన్ని బేరంలో పెట్టుకోవచ్చు. వేడెక్కి దెబ్బతిన్న ఇంజినుకు అలాంటి లెక్క ఉండదు, విప్పి చూస్తే గానీ ఎంతవుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే పాత హైబ్రిడ్ కొనేటప్పుడు నేను మొదట చూసేది ఇంజినునూ, దాని సర్వీసు రికార్డునూ. బ్యాటరీ వంతు ఆ తర్వాతే.

టొయోటా హైబ్రిడ్ కారు ప్రియస్ జపాన్‌లో అమ్మకానికి వచ్చింది 1997 డిసెంబరులో. ఈ యంత్రాంగం ఇప్పుడు వింత కాదు, బాగుచేసేవాళ్లు చాలాచోట్ల దొరుకుతారు. పైగా టొయోటా పద్ధతిలో చెడిపోవడానికి ఉండే భాగాలే కొన్ని తక్కువ. విడిగా స్టార్టర్ మోటారు లేదు, ఆల్టర్నేటర్ లేదు, మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్సూ లేదు. నడిమి చక్రం చుట్టూ చిన్న చక్రాలు తిరిగే ఒక ప్లానెటరీ గేర్ల అమరిక, రెండు మోటారు జనరేటర్లు కలిసి వాటన్నిటి పనీ చేస్తాయి. అమ్మకం ప్రకటనలో ఈ అమరికకు ఈ-సీవీటీ అనే పేరు కనిపిస్తే, బెల్టుతో నడిచే సీవీటీ అనే గేర్ల పద్ధతి మీద విన్న చాడీలన్నీ దీనికి అంటగట్టకు. ఇందులో అసలు బెల్టే లేదు. ఫోర్డ్ ఫ్యూజన్ హైబ్రిడ్‌ది కూడా ఇదే తరహా. 2014 నుంచి వచ్చిన హోండా అకార్డ్ హైబ్రిడ్ వేరే దారి పట్టింది. అందులో ఇంజిను ఎక్కువసేపు కరెంటు తయారుచేస్తుంది, చక్రాలను మోటారు తిప్పుతుంది, హైవే వేగంలో మాత్రం క్లచ్ పడి ఇంజినే నేరుగా లాగుతుంది. ఆ రెండు పద్ధతులూ గట్టివే.

ఇక ఏ సంవత్సరం బండి అన్నది. పేరు చూసి మోసపోయేది ఇక్కడే. 2010 నుంచి 2015 వరకు వచ్చిన మూడో తరం ప్రియస్ చౌకగా, విరివిగా దొరుకుతుంది. దాని 1.8 లీటర్ల ఇంజినుకు తెలిసిన జబ్బు ఒకటుంది. పొగలో కొంత భాగాన్ని చల్లబరచి మళ్లీ ఇంజినులోకి పంపే ఈజీఆర్ కూలర్ మసితో పూడుకుపోతుంది. ఆ పైన ఇంజిను పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిని, ఇంజినును చల్లబరిచే కూలెంట్ సిలిండర్‌లోకి చేరుతుంది. అదే ఇంజిను ఉన్న లెక్సస్ సీటీ 200హెచ్, ఏడు సీట్లలోనూ దొరికే పెద్ద ప్రియస్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. కూలర్‌ను ఎప్పుడైనా విప్పి శుభ్రం చేయించారా అని అడుగు. అమ్మేవాడు నీ ముఖంలోకి అయోమయంగా చూస్తే చేయించలేదనే అర్థం.

దీన్ని పట్టుకునే ఉపాయం సులువే. బండి పూర్తిగా చల్లారి ఉండగా చూడాలి. పొద్దున్నే వస్తాననీ, అంతవరకు స్టార్ట్ చేయవద్దనీ ముందే చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టు. వెచ్చగా ఉంటే ఎందుకు వెచ్చగా ఉందో అడుగు. స్టార్ట్ బటన్ నొక్కి డాష్‌బోర్డులో రెడీ దీపం వెలిగాక కొన్ని క్షణాలకు ఇంజిను దానంతటదే అందుకుంటుంది. అప్పుడు బండి గడగడ వణికి కాసేపటికి సర్దుకుంటే, కూలెంట్ డబ్బాలో మట్టం గీత కంటే దిగి ఉంటే, నమస్కారం పెట్టి వచ్చేయి. ధర ఎంత తగ్గించినా సరే.

ఇంజిను చప్పుడు లేనప్పుడు బ్రేకుల సంగతి కూడా విను. బండి కదలకుండా, బ్రేకు మీద కాలు పెట్టకుండా కూర్చున్నప్పుడు కొద్ది సెకన్లకోసారి ఒక పంపు జుయ్యిమంటూ ఉంటే బ్రేకులకు ఒత్తిడి నిలవడం లేదన్నమాట. ఆ భాగం ఖరీదైనది. బ్రేకు ప్యాడ్లు మాత్రం హైబ్రిడ్లలో చాలా కాలం వస్తాయి, ఎందుకంటే వేగం తగ్గించే పనిలో చాలాభాగం మోటారే చేస్తుంది. అయితే వాడకం తక్కువై డిస్కులు తుప్పు పట్టడం దాని ఇంకో ముఖం, అదీ చూడు.

రీకాల్ పనులు పూర్తయ్యాయో లేదో చాసిస్ నంబరు పెట్టి కంపెనీ వెబ్‌సైట్లో ఉచితంగా చూసుకోవచ్చు. 2014 ఫిబ్రవరిలో టొయోటా ప్రపంచవ్యాప్తంగా దాదాపు 19 లక్షల మూడో తరం ప్రియస్‌లను బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే ఇన్వర్టర్ సాఫ్ట్‌వేర్ కోసం వెనక్కి పిలిచింది. అలాంటివి చేయించకుండానే చేతులు మారే బండ్లు ఉంటాయి.

ఇప్పుడు బ్యాటరీ. దాన్ని ముసలిచేసేవి వేడి, వయసు. పాత ప్రియస్‌లలో ఉన్నది నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ, రెండో తరంలోనూ మూడో తరంలోనూ 28 మాడ్యూళ్లు, అంటే కలిపి పేర్చిన చిన్న బ్యాటరీ ముక్కలు. చల్లబరిచేది ఒక చిన్న ఫ్యాను, అది గాలి పీల్చుకునే జాలీ వెనక సీటు పక్కన ఉంటుంది. అక్కడ టార్చి వేసి చూడు. కుక్క వెంట్రుకలు, దుమ్ము మెత్తగా పేరుకుని ఉంటే బ్యాటరీ ఏళ్ల తరబడి ఉక్కపోతలో బతికిందని అర్థం. తర్వాత కారు కంప్యూటరును చదివే చిన్న పరికరం, ఓబీడీ రీడర్ ఒకటి కొనుక్కుని ఫోనుకు కలిపితే, రెండేసి మాడ్యూళ్లకు కలిపి వోల్టేజీ కనిపిస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు అన్నీ దాదాపు ఒకేలా దిగాలి. ఒకటి మాత్రం మిగతావాటిని వదిలేసి జారిపోతుంటే ఆ బ్యాటరీకి రోజులు దగ్గరపడ్డాయి.

కిలోమీటర్లు తక్కువ తిరిగిందని పొంగిపోవద్దు. నెలల తరబడి నిలబెట్టిన పన్నెండేళ్ల కారు కంటే, రోజూ హైవే మీద తిరిగి వేళకు ఆయిల్ మార్చుకున్న ఆరేళ్ల కారు మేలు. హైబ్రిడ్ విషయంలో ఈ మాట ఇంకా నిజం, తిరగని బ్యాటరీ మెల్లగా ఖాళీ అవుతుంది. అలాగని ట్యాక్సీగా నలిగిన బండి అంటగట్టించుకోవద్దు. పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు, వెనక తలుపు పిడి అబద్ధం చెప్పవు.

మరో జవాబు

అన్నయ్య ఇంజిను సంగతి బాగా చెప్పారు. నేను నడుము సంగతి చెబుతాను, మీరు అడిగిన సగం ప్రశ్న అదే కదా.

కారు సుఖంగా ఉందో లేదో పది నిమిషాల టెస్ట్ డ్రైవ్‌లో తెలియదు. కనీసం అరగంట, గతుకుల దారిలో కొంత, హైవే మీద కొంత నడపండి. తిరిగొచ్చాక దిగకుండా ఇంకో పది నిమిషాలు అలాగే కూర్చోండి. నడుము కింది భాగం పట్టేసినట్టు అనిపిస్తే ఆ సీటు మీకు పడదు. సీటు ఎత్తు మారుతుందా, నడుముకు ఊతం సర్దుకునే మీట ఉందా, స్టీరింగ్ ముందుకు వెనక్కి జరుగుతుందా చూడండి. ఒకే మోడల్‌లో తక్కువ రకానికి ఈ మీట లేకపోవడం మామూలే.

చాలామంది పట్టించుకోని విషయం చక్రాలు. అదే సంవత్సరం, అదే మోడల్ అయినా 15 అంగుళాల చక్రాలున్న ప్రియస్ 17 అంగుళాల దానికంటే గతుకుల్ని మెత్తగా మింగుతుంది. అకార్డ్‌లో కూడా 19 అంగుళాలవి చూడటానికే బాగుంటాయి. పెద్ద చక్రానికి టైరు అంచు సన్నగా ఉంటుంది, కుదుపంతా నేరుగా వెన్నుకే వస్తుంది. ఎక్కువ డబ్బు పెట్టి పై రకం కొని నడుము నొప్పి తెచ్చుకునేవాళ్లను చూస్తే నాకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది.

మెత్తదనంలో నా ఓటు లెక్సస్ ఈఎస్ 300హెచ్‌కి. తర్వాత క్యామ్రీ హైబ్రిడ్, అకార్డ్ హైబ్రిడ్. ప్రియస్ పొదుపులో మొనగాడే గానీ పాత తరాల్లో రోడ్డు చప్పుడు ఎక్కువ. కరోలా హైబ్రిడ్ నమ్మకమైనదే, పొడుగ్గా ఉండేవాళ్లకు వెనక సీటు ఇరుకు. క్యామ్రీలో 2018 నుంచి బ్యాటరీ వెనక సీటు కిందికి వెళ్లింది, డిక్కీ పూర్తిగా దక్కుతుంది. అంతకుముందు వాటిలో బ్యాటరీ డిక్కీని కొంత తినేస్తుంది, నాలుగు పెద్ద సూట్‌కేసులతో విమానాశ్రయం నుంచి వచ్చే రోజు అది తెలుస్తుంది.

మీ అమ్మగారి మోకాళ్లకు మాత్రం సెడాన్ సీటు కాస్త లోతు. దిగేటప్పుడు అసలు బాధ. ఆర్ఏవీ4 హైబ్రిడ్ లాంటి ఎత్తు బండిలో నడుం వంచకుండా పక్కకు జరిగి కూర్చోవచ్చు. మంచు కురిసి రోడ్ల మీద ఉప్పు చల్లే ప్రాంతంలో తిరిగిన 2019 తర్వాతి ఆర్ఏవీ4 అయితే, వెనక మోటారుకు వెళ్లే హై వోల్టేజీ కేబుల్ జాయింటు తుప్పు పట్టిందేమో బండిని పైకెత్తించి చూపించండి. ఆ సమస్య వెనక చక్రాలకు మోటారు ఉన్న రకానిది.

ఇంకో జవాబు

పైవాళ్లు వదిలేసినవి కొన్ని.

హైబ్రిడ్ అని బిళ్ల తగిలించిన ప్రతిదీ హైబ్రిడ్ కాదు. 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్లలో చాలావరకు మోటారు ఇంజినుకు చేయందించడమే తప్ప ఒంటరిగా బండిని లాగదు. పెట్రోలు ఆదా మీరు ఊహించినంత ఉండదు. ప్లగ్గుకు తగిలించి ఛార్జ్ చేసే ప్లగ్-ఇన్ రకం, ఇంటి దగ్గర ఛార్జింగ్ సదుపాయం ఉంటేనే తీసుకోండి. అపార్టుమెంటులో ఉంటూ అది కొంటే అదనపు బరువు మోసుకు తిరగడమే.

2006 నుంచి 2011 వరకు వచ్చిన హోండా సివిక్ హైబ్రిడ్ జోలికి పోవద్దు, దాని బ్యాటరీకి మంచి పేరు లేదు. మొదటి తరం హ్యుందాయ్ ఐయోనిక్, కియా నీరో హైబ్రిడ్లలో రెండు క్లచ్‌ల గేర్‌బాక్సు ఉంటుంది. చెడ్డది కాదు, కానీ నత్తనడక ట్రాఫిక్‌లో టొయోటా అంత నున్నగా సాగదు. వరదలో మునిగినది, ప్రమాదం తర్వాత బీమా సంస్థ పనికిరాదని రాసేసినది హైబ్రిడ్ అయితే ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఏసీ చల్లగా లేదు, గ్యాస్ నింపిస్తే చాలు అని అమ్మేవాళ్లు అంటారు. వీటి ఏసీ కంప్రెసర్ హై వోల్టేజీతో నడుస్తుంది, దానికి కరెంటు ప్రవహించని ప్రత్యేకమైన నూనె కావాలి. తెలియని షాపులో మామూలు నూనె పోస్తే ఇన్సులేషన్ దెబ్బతిని కంప్రెసరే పోతుంది. ఎక్కడ, ఎవరు చేశారో బిల్లు అడగండి. స్టార్ట్ చేయగానే సైలెన్సర్ ట్రాక్టర్‌లా అరిస్తే, పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను దొంగలు కోసుకుపోయారేమో కిందికి వంగి చూడండి. ప్రియస్‌లంటే వాళ్లకు మరీ ఇష్టం.

ఒక్కోసారి డాష్‌బోర్డు నిండా హెచ్చరిక దీపాలు వెలిగి ప్రాణం పోయినంత పని అవుతుంది, తీరా చూస్తే నీరసించింది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. ముందు దాన్ని పరీక్షించమని అడగండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్. రెండు బండ్లు చూశాను. ఒకటి 2012 ప్రియస్, చాలా తక్కువ తిరిగింది, ఒకే యజమాని, ఒక పెద్దాయన. సర్వీసు కాగితాలు లేవు, ఇంట్లోనే ఆయిల్ మార్చుకున్నానని చెప్పారు. రెండోది 2018 క్యామ్రీ హైబ్రిడ్, దాదాపు రెట్టింపు తిరిగింది, ధర కూడా ఎక్కువ, కానీ మొదటి నుంచి చేసిన ప్రతి సర్వీసుకూ కాగితం ఉంది. పెద్దాయన చాలా మంచివారు, కాఫీ కూడా ఇచ్చారు. అందుకే తేల్చుకోలేకపోతున్నాను.

మొదటి జవాబు ఇచ్చినవారు

కాఫీ తాగి థాంక్స్ చెప్పి క్యామ్రీ తీసుకో. పెద్దాయన నిజమే చెబుతుండవచ్చు, అయినా నేను పైన చెప్పిన ఇంజినూ, పన్నెండేళ్లు దాటిన బ్యాటరీ ఒకే బండిలో ఉన్నాయి. క్యామ్రీకి ఎక్కువ పెడుతున్న డబ్బు ఆ రెండింటి బెంగ తప్పించడానికే. కాగితాల్లో రెండు చూడు: ఇంజిన్ ఆయిల్ వేళకు మారిందా, లక్ష కిలోమీటర్ల దగ్గరైనా గేర్లూ మోటార్లూ ఉండే ట్రాన్స్‌యాక్సిల్ ఆయిల్ ఒకసారి మార్చారా. రెండోది చేసి ఉండకపోతే కొన్న వారంలో నువ్వే చేయించు, పెద్ద ఖర్చు కాదు.

అమ్మగారు వచ్చాక ముందు సీటును వీలైనంత పైకి లేపి, వెనక్కి జరిపి ఉంచు. అయినా ఇబ్బందిగా ఉంటే సీటు మీద వేసే గట్టి కుషన్ ఒకటి చాలు, దానికోసం ఇప్పుడే పెద్ద బండి కొనక్కర్లేదు. డబ్బు కట్టేముందు ఇన్సూరెన్స్ ఎంత పడుతుందో కనుక్కో. ఇక్కడ నడిపిన చరిత్ర లేని కొత్తవాళ్లకు అది ఎక్కువే ఉండవచ్చు. అమ్మే మనిషికి సంబంధం లేని మెకానిక్ చేత బండిని పైకెత్తించి చూపించు, ఆయన రాసిచ్చిన చీటీ ఫోటో ఇక్కడ పెట్టు. శనివారం లోపు పెడితే చూసి చెబుతాను.