స్కాట్లాండ్‌కి కొత్తగా వచ్చాం, ఇక్కడి పాట, మాట, పండగలు ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న (గ్లాస్గో)

అందరికీ నమస్తే. మాది ఖమ్మం. మావారి ఉద్యోగం వల్ల మొన్న సెప్టెంబరులో గ్లాస్గో వచ్చాం. కోటలు చూశాం, టార్టన్ గళ్ళ శాలువాల షాపులు తిరిగాం, ఫొటోలు దిగాం. అయినా ఈ దేశం గురించి ఏమీ తెలియనట్టే ఉంది. బస్సులో పక్కవాళ్ళు మాట్లాడుకునేది సగం అర్థం కాదు. ఇప్పుడు మావారి ఆఫీసువాళ్ళు జనవరి 25న బర్న్స్ సప్పర్‌కి ఇద్దరినీ పిలిచారు. భోజనం తర్వాత కేలీ అనే ఇక్కడి జానపద డాన్స్ కూడా ఉందట. నేను శాకాహారిని, డాన్స్ అసలే రాదు. మావారేమో ఇక్కడి మగవాళ్ళు కట్టే కుచ్చుల లంగా లాంటి కిల్ట్ వేసుకుంటానంటున్నారు. మనం వేసుకుంటే వాళ్ళేమైనా అనుకుంటారా? కాస్త చెప్పండి.

జవాబు (గ్లాస్గో)

చెల్లెమ్మా, టెన్షన్ పడకండి. ఇంతకంటే మంచి మొదలు దొరకదు. కోటలు ఎటూ పోవు. ఇక్కడి సంప్రదాయమంతా నలుగురితో కూర్చుని తినడంలో, పాడడంలో, ఆడడంలో ఉంది. అందుకే పిలిచినప్పుడు వెళ్ళండి.

రాబర్ట్ బర్న్స్ 1759లో ఎయిర్‌షైర్‌లోని అలోవేలో పేదరైతు ఇంట పుట్టాడు, 37 ఏళ్ళకే పోయాడు. జనం నోట్లో ఉన్న స్కాట్స్ భాషలో కవిత్వం రాశాడు, మరుగున పడిపోతున్న పాత పాటలు పోగుచేశాడు. ఆయన పుట్టినరోజే ఈ విందు. పైపర్ (బాగ్‌పైప్ వాయించే మనిషి) వాయిస్తూ ముందు నడుస్తుంటే వెనకాల పళ్ళెంలో హాగిస్ అనే మాంసం వంటకం తెస్తారు. అందరూ లేచి దరువుకి తగ్గట్టు చప్పట్లు కొడతారు, మీరూ లేవండి. ఒకరు దాని మీద బర్న్స్ రాసిన పద్యం అభినయిస్తూ చదువుతారు, మధ్యలో కత్తి తీసి హాగిస్‌ని నిలువునా కోస్తారు. కోయగానే గుప్పున ఆవిరి లేస్తుంది. ఆ క్షణం కోసం హాలంతా ఎదురుచూస్తుంది.

అసలు హాగిస్ అంటే గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు, ఓట్స్, ఉల్లిపాయ, కొవ్వు. మీకు వెజ్ హాగిస్ కావాలని ఇప్పుడే చెప్పించండి. పప్పులు, బీన్స్, ఓట్స్, మిరియాల ఘాటుతో నిజంగా బాగుంటుంది. సూపర్‌మార్కెట్లలోనూ దొరుకుతుంది, మేం పచ్చిమిర్చి, ఉల్లిపాయతో వేయించి చపాతీలో పెట్టుకుంటాం. సూప్, గ్రేవీ మాత్రం మాంసం స్టాక్‌తో చేశారేమో అడగండి. విస్కీ వద్దనుకుంటే జ్యూస్ గ్లాసు ఎత్తినా ఎవరూ ఏమీ అనుకోరు.

చివర్లో అందరూ వలయంగా నిలబడి ఆల్డ్ లాంగ్ సైన్ అనే పాట పాడతారు. మొదటినుంచీ చేతులు అడ్డంగా వేయకండి. ముందు పక్కవాళ్ళ చేతులు మామూలుగా పట్టుకోవాలి. చివరి చరణం మొదలయ్యాకే కుడి చెయ్యి ఎడమవైపు వాళ్ళకి, ఎడమ చెయ్యి కుడివైపు వాళ్ళకి ఇవ్వాలి.

కేలీలో ప్రతి ఆటకీ ముందు ‘కాలర్’ అనే ఆట నడిపే మనిషి అడుగులు చెప్తారు, ఒకసారి నెమ్మదిగా నడిపిస్తారు. గే గోర్డన్స్ అనే ఆటలో జంటగా నాలుగు అడుగులు ముందుకి వేసి, గిర్రున తిరిగి, అదే దిక్కుకి నాలుగు అడుగులు వెనక్కి నడవాలి. మళ్ళీ అంతా రెండోవైపుకి. అంతవరకు వస్తే సగం వచ్చినట్టే. డాషింగ్ వైట్ సార్జెంట్ ముగ్గురేసి ఆడతారు కాబట్టి బిడియపడేవాళ్ళకి అదే మేలు. స్ట్రిప్ ద విల్లోలో మోచేతులు కలిపి వరసంతా తిరగాలి, ఊపిరాడదు, కానీ వదులుకోకండి. చీరకంటే చుడీదార్ నయం. చెప్పులు మాత్రం ఎత్తు మడమలవి వద్దు.

కిల్ట్ మీవారు నిశ్చింతగా వేసుకోవచ్చు. అద్దెకిస్తారు. మడతలు వెనక్కి రావాలి, చదునుగా ఉన్న భాగం ముందుకి. 1746లో తిరుగుబాటుదార్లు ఓడిపోయిన కలోడన్ యుద్ధం తర్వాత హైలాండ్ (ఉత్తరాది కొండ ప్రాంతం) మగవాళ్ళు ఈ బట్టలు కట్టకూడదని చట్టం చేశారు, 1782లో గానీ ఎత్తేయలేదు. అది తెలిసి గౌరవంగా కట్టుకునేవాళ్ళని చూస్తే ఇక్కడివాళ్ళకి సంతోషమే.

జవాబు (ఎడిన్‌బరా)

అక్క చెప్పినదానికి సంగీతం కలుపుతాను. మీ ఊళ్ళోనే నేషనల్ పైపింగ్ సెంటర్ ఉంది, ముందు అక్కడి మ్యూజియం చూడండి. బాగ్‌పైప్ మోత దూరం నుంచి గోలలా వినిపిస్తుంది, దగ్గరికెళ్తే లెక్క తెలుస్తుంది. మన వీధి భాగవతాల్లో శ్రుతికి పట్టే తిత్తి లాగే ఇక్కడా తోలుసంచిలో గాలి నింపి చంకలో నొక్కుతారు. మూడు గొట్టాలు ఆగకుండా శ్రుతి పట్టి ఉంచుతాయి. పాట పలికించే గొట్టానికి తొమ్మిదే స్వరాలు, ధ్వని పెంచడం తగ్గించడం లేదు, మధ్యలో ఆపడమూ లేదు. ఒకే స్వరాన్ని రెండుసార్లు పలికించాలంటే మధ్యలో చిటికెలో ఇంకో స్వరం తాకించాలి. ఆ వేళ్ళ పని చూడండి, పైపర్ గొప్పతనం అక్కడే ఉంది. ఆగస్టులో గ్లాస్గో గ్రీన్‌లో ప్రపంచ పైప్ బ్యాండ్ పోటీలు జరుగుతాయి, తప్పకుండా వెళ్ళండి. జనవరిలో మీ దగ్గరే కెల్టిక్ కనెక్షన్స్ అనే సంగీతోత్సవం కూడా ఉంటుంది, 1994 నుంచి జరుగుతోంది.

ఎడిన్‌బరా వస్తే సాండీ బెల్స్ అనే పబ్‌లో ఫిడేలు వినండి. స్టేజీ ఉండదు, బల్ల చుట్టూ కూర్చుని వాయించుకుంటారు. వాళ్ళ కుర్చీల్లో మాత్రం కూర్చోకండి.

జవాబు (అబర్డీన్)

అమ్మా, భాష గురించి దిగులు పడకండి. ఇక్కడ మూడు ఉన్నాయి. స్కాటిష్ యాసతో ఇంగ్లీషు, స్కాట్స్, గాలిక్. బస్సులో మీకు అర్థం కానిది చాలావరకు స్కాట్స్ కలిసిన మాట. 2022 జనాభా లెక్కల్లో 24 లక్షల మందికి పైగా తమకి స్కాట్స్ ఎంతో కొంత వచ్చని చెప్పారు. మా అబర్డీన్ వైపు యాస ఇంకా వేరు, దాన్ని డోరిక్ అంటారు. ‘మెసేజెస్’ తేవాలంటే సరుకులు తేవాలని. ‘వేర్ డు యూ స్టే’ అంటే ఇల్లెక్కడని. ఈ మాటలు మాట్లాడినందుకు బళ్ళో తిట్లు తిన్న ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. అందుకని సరదాకైనా వాళ్ళ యాస అనుకరించకండి. అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమనండి, ఓపిగ్గా చెప్తారు.

ఇంకో మాట. ఇక్కడ డిసెంబరు 31 రాత్రిని హాగ్మనే అంటారు. క్రిస్మస్‌కి 1958 దాకా సెలవే లేదు, కాబట్టి కొత్త సంవత్సరమే పెద్ద పండగ. అర్ధరాత్రి దాటాక గడప దాటి వచ్చే మొదటి మనిషి నల్లజుట్టు మగవాడైతే ఇంటికి మంచిదని నమ్మకం. మీవారిని పక్కింటివాళ్ళు పిలిస్తే షార్ట్‌బ్రెడ్ పట్టుకుని వెళ్ళమనండి, ఒట్టి చేతులతో వెళ్ళకూడదు.

జవాబు (ఇన్వర్నెస్)

గాలిక్ సంగతి నేను చెప్తాను. అది వచ్చినవాళ్ళు ఎంతో కొంత కలిపినా లక్షా ముప్పై వేల మందే. గ్లాస్గోలో గాలిక్ బడి ఉంది, డ్యుయోలింగోలో 2019 నుంచి నేర్పుతున్నారు. టోబార్ ఆన్ డుఅల్‌హిష్ వెబ్‌సైట్లో ఊరివాళ్ళు పాడిన పాత పాటల రికార్డింగులు ఉచితంగా వినొచ్చు. వాయిద్యం లేకుండా, ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళంతా ఎవరి గమకంతో వాళ్ళు అందుకునే గాలిక్ కీర్తనలు లూయిస్ దీవి చర్చిల్లో వినాలి. విన్నాక చాలాసేపు మాట రాదు.

మనవాళ్ళు లూయిస్ వెళ్ళడానికి ఇంకో కారణం ఉంది. మన ఊళ్ళ కైఫియత్తులు (స్థానిక చరిత్రలు) సేకరింపజేసిన కర్నల్ కాలిన్ మెకంజీ పుట్టింది అక్కడి స్టోర్నోవేలోనే. ఏలూరుకి చెందిన కావలి సోదరులు ఆయనకి కుడిభుజం. 2017లో ఆయన సేకరణలోవి కొన్ని తెచ్చి ఆ ఊళ్ళో ప్రదర్శన పెట్టారు. ఉల్లపూల్ రేవు నుంచి ఫెర్రీ రెండున్నర గంటల పైనే పడుతుంది. ఆదివారం చాలా దుకాణాలు మూసేస్తారు, కాబట్టి శనివారమే సరుకులు కొని పెట్టుకోండి. చలికాలం గాలులకి ఫెర్రీలు తరచూ రద్దవుతాయి, మే నెల తర్వాత వెళ్ళండి.