డెన్మార్క్‌లో పెద్దల చదువుకు డబ్బు ఏ దారుల్లో వస్తుంది?

ప్రశ్న:
వయోజన విద్యపై ఒక వ్యాసం రాస్తూ డెన్మార్క్ విధానాన్ని చదువుతున్నాను. అక్కడ ఉద్యోగంలో ఉన్నవారు నడివయసులో కూడా శిక్షణకు వెళ్తారని, ఆ రోజుల్లో వారి ఆదాయం పూర్తిగా ఆగిపోదని తెలిసింది. అయితే కోర్సు నడిపే సంస్థకు, చదువుకునే మనిషికి, అతన్ని పంపిన యజమానికి అందే సొమ్ము ఒకే ఖజానా నుంచి వస్తుందా, వేర్వేరు చోట్ల నుంచి వస్తుందా అన్నది ఎంత చదివినా తేలడం లేదు. పరీక్షలే లేని ఫోక్ హైస్కూళ్లకు (పెద్దలు బస చేసి చదువుకునే బడులకు) ప్రభుత్వం ఎందుకు సాయం చేస్తుందన్నది నా రెండో సందేహం. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
మీరు అడిగినవి రెండు వేర్వేరు ఖర్చులు. వాటిని విడదీసి చూస్తే చిక్కు విడిపోతుంది. మొదటిది బోధన ఖర్చు. ఏఎంయూ అని పిలిచే స్వల్పకాలిక వృత్తి శిక్షణ కోర్సులకు, ఎంతమంది ఎంతకాలం చదివారో లెక్కగట్టి ప్రభుత్వం ఆయా సంస్థలకు గ్రాంటు ఇస్తుంది. టాక్సీ మీటరు తిరిగినట్టే విద్యార్థుల లెక్కను బట్టి డబ్బు పెరుగుతుంది కాబట్టి ఈ పద్ధతికి అక్కడ ‘టాక్సామీటర్’ అనే పేరు స్థిరపడింది. రెండోది పనికి వెళ్లని రోజుల వేతనం. దీనికి బదులుగా, నిరుద్యోగ భృతి స్థాయిని ఆధారం చేసుకుని ఒక భత్యం ఇస్తారు. ఆ సొమ్ము యాజమాన్యాలు చట్టప్రకారం కట్టే చందాల నుంచి వస్తుంది. శిక్షణ కాలంలో యజమాని జీతం ఆపకుండా ఇస్తే భత్యం అతనికి చేరుతుంది, లేకపోతే కార్మికుడికే అందుతుంది. ప్రధానంగా వృత్తివిద్య స్థాయిని మించి చదవనివారి కోసమే ఈ ఏర్పాటు. నా దృష్టిలో మొత్తం విధానానికి ప్రాణం ఇదే. కుటుంబాన్ని పోషించే మనిషిని చదువుకు దూరం చేసేది చాలాసార్లు కోర్సు రుసుము కాదు, కోల్పోయే జీతమే.

ఏ కోర్సులో ఏం నేర్పాలో అధికారులు ఒంటరిగా నిర్ణయించరు. ఒక్కో రంగానికి ఒక్కో కమిటీ ఉంటుంది. అందులో యాజమాన్యాల ప్రతినిధులూ, కార్మిక సంఘాల ప్రతినిధులూ సమాన సంఖ్యలో కూర్చుంటారు.

జవాబు 2:
మీ రెండో సందేహానికి సమాధానం చరిత్రలో దొరుకుతుంది. డెన్మార్క్ మతాచార్యుడు, ఆలోచనాపరుడు గ్రుండ్విగ్ భావాల ప్రేరణతో మొదటి ఫోక్ హైస్కూలు 1844లో రోడింగ్ అనే ఊళ్లో మొదలైంది. మరో 5 ఏళ్లకు, 1849లో, డెన్మార్క్‌కు రాజ్యాంగం వచ్చి, సొంత ఇల్లూ సేద్యమూ ఉన్న రైతుకు ఓటు దక్కింది. ఆ రైతు సభలో లేచి తన మాట తాను చెప్పుకోవాలంటే భాష, చరిత్ర, చర్చించే అలవాటు కావాలి, వాటికి మార్కుల పట్టీతో పనిలేదు. (1864లో ప్రష్యా, ఆస్ట్రియాలతో జరిగిన యుద్ధంలో డెన్మార్క్ ఓడిపోయి రోడింగ్ ప్రాంతం చేజారినప్పుడు, ఆ బడి నడిపినవారు మరుసటి ఏడు సరిహద్దు దాటి వచ్చి ఆస్కోవ్‌లో కొత్త బడి పెట్టారు. ఆ పట్టుదల నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.) నేటికీ ఈ బడుల్లో పరీక్షలు ఉండవు. బోధనా సమయంలో కనీసం సగం విశాలమైన సాధారణ విద్యకే కేటాయించాలని చట్టం చెబుతుంది. విద్యార్థులు అక్కడే బస చేస్తారు. ఖర్చులో కొంత ప్రభుత్వ గ్రాంటు నుంచి, కొంత విద్యార్థులు కట్టే రుసుము నుంచి వస్తుంది.

జవాబు 3:
పై ఇద్దరూ చెప్పినదానికి రెండు విషయాలు చేర్చాలి. చదవడం, రాయడం, లెక్కలు సరిగా రాని పెద్దల కోసం ఎఫ్‌వీయూ అనే ఉచిత బోధన ఉంది. సాయంకాల పాఠశాలల సంగతి వేరు. వాటికి సాయం చేసేది స్థానిక ప్రభుత్వాలు. ఉపాధ్యాయుల వేతనాల్లో సాధారణంగా మూడో వంతుకు మించకుండా అవి భరిస్తాయి, మిగిలినదాన్ని ప్రధానంగా చేరినవారే రుసుముగా చెల్లిస్తారు.

అయితే ఇందులో లోపాలు లేవని మాత్రం మీ వ్యాసంలో రాయకండి. అవసరం ఎక్కువ ఉన్న తక్కువ చదువుకున్నవారే, చదువుకున్నవారికంటే తక్కువగా శిక్షణకు వస్తారు. అయిదారుగురు పనిచేసే చిన్న కర్మాగారంలో ఒకరు వారం రోజులు రాకపోతే పని ఆగుతుంది, ఆ నష్టాన్ని ఏ భత్యమూ పూడ్చలేదు. టాక్సామీటర్ పద్ధతికీ మరో ముఖం ఉంది. జనం పలచగా ఉన్న ప్రాంతంలో నలుగురే చేరిన కోర్సు సంస్థకు భారమవుతుంది, చివరికి దాన్ని రద్దు చేస్తారు. ఆ నలుగురిలో ఒకరికి ఆ కోర్సు ఎంత అవసరమో ఆ లెక్కలో కనిపించదు.