హెడ్ నర్సు అండ అంటే వార్డులో ఏం చేయాలి?

వార్డు30: 30 పడకల మెడికల్ వార్డు. డ్యూటీలు ఉదయం 8–2, మధ్యాహ్నం 2–8, రాత్రి 8–8. సిస్టర్లు తరచూ సెలవు పెడుతున్నారు, ఇద్దరు బదిలీ అడిగారు. కొత్త పోస్టులు ఇప్పట్లో రావు. ఇన్‌ఛార్జి (హెడ్ నర్సు) చేతిలో ఉన్నవే చెప్పండి. ‘అందరితో ప్రేమగా ఉండండి’ లాంటివి వద్దు.

రోస్టర్‌అక్క: ముందు రోస్టర్ (డ్యూటీల పట్టిక) పట్టుకోండి మేడమ్. రెండు వారాల ముందే గోడకు అంటించండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి, ఇదే వరుసలో తిప్పండి. రాత్రి 8కి దిగినవాళ్లను మర్నాడు 8కే ఎక్కిస్తే ప్రయాణం, వంట పోను నిద్రకు ఐదారు గంటలు కూడా మిగలవు. నైట్ ఆఫ్‌ను (రాత్రి డ్యూటీల తర్వాతి సెలవును) ఎవరు అడిగినా కదపొద్దు. ఎవరికి ఎన్ని ఆదివారాలు, ఎన్ని పండగలు పడ్డాయో పుస్తకంలో రాసి అందరికీ కనబడేలా పెట్టండి. పనిభారం భరిస్తారు గానీ పక్షపాతం ఉందన్న అనుమానాన్ని భరించలేరు.

ఇక రోగుల పంపకం. పడకలు లెక్కపెట్టి సమానంగా పంచడం న్యాయం కాదు. రక్తం ఎక్కించేటప్పుడు మొదటి 15 నిమిషాలు పక్కనే ఉండి చూడాలి కదా, అలాంటివి రెండు ఒకేసారి ఒకే సిస్టర్‌కి పడితే ఏదో ఒకటి వదిలేయక తప్పదు.

క్యాజువాలిటీ: రోస్టర్ సరే, అసలు పరీక్ష సూది గుచ్చుకున్నప్పుడు. సబ్బు, పారే నీళ్లతో కడగాలి, పిండకూడదు. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు అవసరమైతే 2 గంటల్లో మొదలుపెట్టడం మంచిది, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు, కోర్సు 28 రోజులు. ఆ సూది వాడిన రోగి రక్తానికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు పంపించాలి. ఈలోపు సూది గుచ్చుకున్న సిస్టర్ రోగులను మీరు చూసుకుని ఆమెను వెంటనే చికిత్సకు పంపించండి. ‘వాడిన సూదికి క్యాప్ ఎందుకు పెట్టబోయావ్?’ అని అక్కడే నిలదీస్తే తర్వాతి సూదిపోటు మీ దాకా రాదు, దాచేస్తారు.

రోగి వెంట వచ్చినవాళ్లు సిస్టర్‌పై చెయ్యి చేసుకున్నా అంతే. ఆసుపత్రి సిబ్బందిపై దాడులను అడ్డుకోవడానికి ఆంధ్రప్రదేశ్‌లో తెచ్చిన 2008 చట్టం ప్రకారం అది నాన్‌బెయిలబుల్ నేరం, 3 ఏళ్ల వరకు జైలు. ఫిర్యాదు ఆసుపత్రి తరఫున వెళ్లేలా చూడండి, సిస్టర్‌ని ఒంటరిగా స్టేషన్‌కి పంపొద్దు.

వార్డు30: కొరత సంగతి? నోటితో చెబితే ఎవరూ వినట్లేదు.

రోస్టర్‌అక్క: రాయండి. ప్రతి షిఫ్టులో రోగులెంతమంది, సిస్టర్లెంతమంది, ఏ పని ఆలస్యమైంది, మూడు ముక్కల్లో నర్సింగ్ సూపరింటెండెంట్‌కి పంపి ఒక కాపీ ఉంచుకోండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క, మూడు షిఫ్టులకూ కలిపి, బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మిగతా చోట్ల ఐదుగురికి ఒకరు, సెలవుల కోసం 30 శాతం అదనం. ఆ లెక్క పక్కనే మీ లెక్క పెట్టండి. మందు ఆలస్యమైందని ఎవరికైనా మెమో వచ్చిన రోజు ఆమెకు అండగా నిలిచేది ఆ కాగితమే.