ఫ్రాంక్‌ఫర్ట్ పెద్ద స్టేషన్‌లో రైలు మారడం ఎలా?

వేదాయపాళెం, నెల్లూరు నుంచి:

జర్మనీలో ఉన్న అక్కలకు, అన్నలకు నమస్కారం. సెప్టెంబరు చివర్లో చదువు కోసం అక్కడి గీసెన్ ఊరికి వస్తున్నాను. ఎయిర్‌పోర్టు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మెయిన్ స్టేషన్‌కు పోయి అక్కడ రైలు మారాలంట. మ్యాప్‌లో చూస్తే రైలు, మెట్రో, ట్రామ్ అన్నీ ఒకే చోట కనిపిస్తున్నాయి. చేతిలో రెండు పెద్ద సూట్‌కేసులు ఉంటాయి. నాకంటే మా అమ్మకు ఎక్కువ టెన్షన్‌గా ఉంది. కాస్త వివరంగా చెప్తారా?

కావలి అక్క:

తమ్ముడూ, మద్రాసు సెంట్రల్ నువ్వు చూసే ఉంటావు. పెళ్లి బట్టలకైనా, పెద్దాసుపత్రికైనా పినాకిని ఎక్కి మనవాళ్ళు దిగేది అక్కడే కదా. పక్కనే మూర్ మార్కెట్ వైపు లోకల్ రైళ్ళు, రోడ్డు దాటితే పార్క్ స్టేషన్, నేల కింద మెట్రో. ఫ్రాంక్‌ఫర్ట్ కూడా అలాంటిదే. 1888లో కట్టారు, సెంట్రల్ లాగే పట్టాలు అక్కడికొచ్చి ఆగిపోతాయి. తేడా ఏమిటంటే, ఇక్కడ చాలావరకు ఒకదాని కింద ఒకటి ఉంటాయి.

పైన నేల మీద 1 నుంచి 24 దాకా ప్లాట్‌ఫారాలు. దూరం పోయే రైళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళకు పోయే రైళ్ళు అక్కడ. కింద సొరంగంలో 101 నుంచి 104 దాకా ఎస్-బాన్, అంటే లోకల్ రైళ్ళు. యు4, యు5 మెట్రో కూడా నేల కిందే. ట్రామ్ మాత్రం ముందు వాకిలి దాటి బయటికొస్తే రోడ్డు మీద ఉంటుంది. ఒక్కటి గుర్తు పెట్టుకో: నంబరు మూడంకెలైతే కిందికి, ఒకటో రెండో అంకెలైతే పైకి. ఆకుపచ్చ గుండ్రంలో ఎస్ ఉంటే లోకల్, నీలం చదరంలో యు ఉంటే మెట్రో. ప్లాట్‌ఫారాన్ని వీళ్ళు గ్లైస్ అంటారు. బోర్డుల మీద స్టేషన్ పేరు పక్కన హెచ్‌బిఎఫ్ అని మూడక్షరాలు కనిపిస్తే అదే మెయిన్ స్టేషన్.

ఎయిర్‌పోర్టులోనే మొదటి చిక్కు వస్తుంది. మన ఊళ్ళో మద్రాసు బస్టాండు వేరు, ఆత్మకూరు బస్టాండు వేరు అయినట్టు, అక్కడ కూడా రెండు స్టేషన్లున్నాయి. నీకు కావాల్సింది టెర్మినల్ 1 కింద ఉన్న లోకల్ స్టేషన్. ఎస్8 గానీ ఎస్9 గానీ ఎక్కు. అయితే బోర్డు మీద ఆఫెన్‌బాక్ లేదా హనావు అని ఉండాలి. వీస్‌బాడెన్ అని ఉంటే అది ఎదురు దిక్కుకు పోతుంది. పావుగంటలోపే మెయిన్ స్టేషన్ వస్తుంది. దిగేది కింది అంతస్తులో కాబట్టి లిఫ్ట్ వెతుక్కో. రెండు సూట్‌కేసులతో ఎస్కలేటర్ ఎక్కొద్దు. పైకొచ్చాక పెద్ద బోర్డులో గీసెన్ ఎదురుగా ఉన్న నంబరు చూసుకో. ఆఖరి నిమిషంలో ప్లాట్‌ఫారం మారుస్తారు, కాబట్టి ఎక్కే ముందు ఇంకోసారి చూడాలి.

తెల్ల రైలు, ఎర్ర గీత కనిపిస్తే అది ఐసీఈ లాంటి దూరం పోయే వేగం రైలు. లోకల్ టికెట్‌తో ఎక్కకూడదు. మొదటి నెలలో నేను తొందరలో ఎక్కేసి, లోపల మళ్ళీ డబ్బు కట్టాను. ఆ నెల సరుకులకు పెట్టుకున్న డబ్బు అది. నీకలా జరగకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఒంగోలు అన్న:

అక్క చెప్పినదానికి టికెట్ సంగతి కలుపుతాను. ఇక్కడ స్టేషన్లలో గేట్లుండవు, ఎవరూ ఆపరు. కానీ రైల్లో చెకింగ్ వస్తుంది, టికెట్ లేకపోతే 60 యూరోలు. మెషిన్‌లో ఇంగ్లీషు పెట్టుకుని, ఎయిర్‌పోర్టు నుంచి గీసెన్ దాకా ఒకే టికెట్ తీసుకో. ఆర్ఎంవీ అనే రవాణా సంఘం పరిధిలోనే గీసెన్ ఉంది కాబట్టి ఎస్-బాన్‌కూ, తర్వాతి రైలుకూ అదే చెల్లుతుంది. ఫలానా రైలే ఎక్కాలని లేదు. ఒకటి తప్పిపోతే తర్వాతిది ఎక్కొచ్చు, పరుగెత్తొద్దు.

నెల పాసు, డాయిచ్‌లాండ్ టికెట్, వెంటనే కొనెయ్యకు. 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2025లో 58, 2026 నుంచి 63. మీ యూనివర్సిటీ సెమిస్టర్ ఫీజులోనే టికెట్ కలిసి ఉందేమో ముందు అడుగు. విడిగా తీసుకుంటే ఆపాలనుకున్న నెల 10వ తేదీలోపు రద్దు చెయ్యాలి, లేదంటే మరుసటి నెలకూ కట్టాలి.

రాత్రి దిగితే స్టేషన్ ఎదురు వీధుల్లోకి సామానుతో పోవద్దు. అక్కడ మత్తుమందుల వాళ్ళు తిరుగుతుంటారు. లోపలే ఉండు, పాస్‌పోర్టు లోపలి జేబులో పెట్టుకో.

వేదాయపాళెం నుంచి:

చాలా థాంక్స్ అక్కా, అన్నా. అమ్మకు చదివి వినిపించాను. విమానం టికెట్ ఆదివారం మధ్యాహ్నానికి దొరికింది. పచ్చడి జాడీలు చేతి సంచిలో పెట్టొచ్చా అని అడగమంది.

కావలి అక్క:

చేతి సంచిలో వద్దు, సెక్యూరిటీలో తీయించేస్తారు. గట్టిగా ప్యాక్ చేసి పెద్ద సూట్‌కేసులో పెట్టమను. ఆదివారం ఊళ్ళో షాపులు మూసేస్తారు, పాలు, బ్రెడ్ మెయిన్ స్టేషన్‌లోనే కొనుక్కో. నాకు ఆ రోజు సెలవే. ఏ టెర్మినల్‌లో దిగుతావో రాయి, పైన ప్లాట్‌ఫారాలు మొదలయ్యే పెద్ద బోర్డు కింద నిలబడి ఉంటాను. మీ అమ్మగారికి నా ఫోన్ నంబరు విడిగా పంపుతాను.